పొరల వరుస: కాంపోజిట్ పలకలు భారాన్ని ఎలా మోస్తాయి

కార్బన్ ఫైబర్ పోగులన్నీ ఒకే దిక్కుకు పరిచి, ఎపాక్సీ రెజిన్‌తో తడిపితే పల్చటి పట్టీ తయారవుతుంది. దాని మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు, అంటే సుమారు 0.125 మిల్లీమీటర్లు. ఇలాంటి పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి, ఒత్తిడితో నొక్కుతూ 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉడికిస్తే రెజిన్ గట్టిపడుతుంది. పొరలన్నీ కలిసిపోయి ఒకే పలక అవుతాయి. ఎనిమిది పొరలు వేస్తే ఆ పలక మందం ఒక మిల్లీమీటరు. బోయింగ్ 787 బరువులో సగం, మన తేజస్ యుద్ధవిమాన నిర్మాణ బరువులో సుమారు 45 శాతం కాంపోజిట్ పదార్థాలదే. వాటి రెక్కల పైతొడుగులు ఈ రకం పలకలే.

ఉక్కు పలకకు భారం ఎంతో, మందం ఎంతో, ఉక్కు గుణాలు ఏమిటో తెలిస్తే లెక్క మొదలుపెట్టవచ్చు. కాంపోజిట్ పలకకు అంత మాత్రం చాలదు. ఏ పొర ఏ కోణంలో ఉంది, పైనుంచి ఎన్నోది, దాని కింద ఏముంది అన్నవి కూడా తెలియాలి. ఒకే సరుకుతో, ఒకే బరువుతో చేసిన రెండు పలకలు పొరల వరుస మారినందువల్లే పూర్తిగా వేరుగా ప్రవర్తిస్తాయి.

ముందుగా ఒక్క పొర సంగతి చూడాలి. పాఠ్యపుస్తకాలకు ఎక్కిన ఒక పాత పదార్థం ఉంది: టీ300 కార్బన్ ఫైబర్, 5208 ఎపాక్సీ. పోగుల వెంట లాగితే దీని స్థితిస్థాపక గుణకం 181 గిగాపాస్కల్‌లు. ఉక్కుకు 200 దాకా ఉంటుంది. కానీ ఉక్కు సాంద్రత నీటికి 7.8 రెట్లు, ఈ పదార్థానిది 1.6 రెట్లే. ప్రకటనల్లో కనిపించే బొమ్మ ఇంతవరకే. అదే పొరను పోగులకు అడ్డంగా లాగితే గుణకం 10.3 గిగాపాస్కల్‌లకు పడిపోతుంది, ఎందుకంటే అక్కడ భారం మోసేది చాలావరకు రెజినే. బలంలో తేడా ఇంకా ఎక్కువ. పోగుల వెంట 1500 మెగాపాస్కల్‌ల ప్రతిబలాన్ని ఓర్చుకునే పొర అడ్డంగా 40కే చీలిపోతుంది.

లాగే దిశ పోగుల దిశకు కొంచెం పక్కకు తొలగినా నష్టం తప్పదు. పై అంకెలతోనే లెక్క వేస్తే, 10 డిగ్రీల తేడాకు 181 గిగాపాస్కల్‌లు 108 అవుతాయి. 30 డిగ్రీల దగ్గర మిగిలేది 29. పొరలు పేర్చే కార్మికుడి చేతిలో కోణం తప్పకుండా ఉండాలని కర్మాగారాలు పట్టుబట్టడంలో చాదస్తమేమీ లేదు. పది డిగ్రీల పొరపాటు ఆ పొర గట్టిదనంలో నూటికి నలభై వంతులు మింగేస్తుంది.

విమానం రెక్క మీద భారం ఒక్క దిక్కు నుంచే రాదు. అందుకే వేర్వేరు కోణాల్లో పొరలు వేస్తారు. రెక్క పొడవు వెంట ఉన్నది 0 డిగ్రీల పొర, అడ్డంగా ఉన్నది 90 డిగ్రీల పొర. మెలితిప్పే బలాలను ప్లస్ 45, మైనస్ 45 పొరలు మోస్తాయి. ఏ దిక్కునూ పూర్తిగా రెజిన్‌కే వదిలేయకూడదన్నది ఈ రంగంలో పాతుకుపోయిన నియమం. ఈ నాలుగు దిక్కుల్లో ప్రతిదానికీ కనీసం పదో వంతు పోగులు ఉండాలంటారు. సిద్ధాంతం నుంచి కన్నా దెబ్బలు తిన్న అనుభవం నుంచి వచ్చిన నియమమిది.

పొరలన్నీ అతుక్కుని ఉన్నాయి కనుక పలకను సాగదీస్తే అన్నీ సమానంగానే సాగాలి. అంటే వికృతి అన్నిటికీ ఒకటే. ప్రతిబలం మాత్రం ఒకటి కాదు. పొడవు వెయ్యోవంతు పెరిగిందనుకుంటే, 0 డిగ్రీల పొరలో 181 మెగాపాస్కల్‌ల ప్రతిబలం పుడుతుంది, దాన్ని ఆనుకుని ఉన్న 90 డిగ్రీల పొరలో పుట్టేది 10 మాత్రమే. ఉక్కు పలకలో పైనుంచి కిందికి నున్నగా మారే ప్రతిబలం ఇక్కడ మెట్లు మెట్లుగా ఎగిరి దూకుతుంది. పొరల పలకను విశ్లేషించడమంటే మొదట మొత్తం పలక ఎంత సాగిందో, ఎంత వంగిందో కనుక్కోవడం. తర్వాత ఒక్కో పొరలోకీ దిగి అక్కడి ప్రతిబలాన్ని దాని పోగుల దిశలోకి మార్చి చూడటం.

సాగదీసినప్పుడు వరుసతో పని లేదు. ఏ దిక్కున ఎన్ని పొరలున్నాయో లెక్కపెడితే చాలు. వంచినప్పుడు కథ మారుతుంది. వంగిన పలకలో ఒక ముఖం సాగుతుంది, ఎదుటి ముఖం నొక్కుకుపోతుంది, మధ్యతలంలో రెండూ ఉండవు. మధ్య నుంచి దూరం పెరిగిన కొద్దీ పొరకు పని పెరుగుతుంది. ఆ పని విలువ మధ్యతలం నుంచి ఉన్న దూరాల ఘనాల తేడాగా వస్తుంది. నాలుగు సమాన పొరల పలకలో బయటి రెండు పొరలు వంపు గట్టిదనంలో ఎనిమిదింట ఏడు వంతులు మోస్తాయి. లోపలి రెండింటికీ కలిపి మిగిలేది ఎనిమిదో వంతు.

దీని ఫలితం అంకెల్లో చూస్తే, 0, 90, 90, 0 వరుసలో పేర్చిన పలక పొడవు దిశలో వంగేటప్పుడు సుమారు 160 గిగాపాస్కల్‌ల పదార్థంలా పనిచేస్తుంది. అవే నాలుగు పొరలను 90, 0, 0, 90గా మారిస్తే 32 మాత్రమే. సరుకు అదే, బరువు అదే, సాగదీతలో గట్టిదనం అదే. వంపులో తేడా ఐదు రెట్లు. లోహంతో పనిచేసే ఇంజినీరు చేతిలో మందం ఒక్కటే ఉంది, కాంపోజిట్ ఇంజినీరు చేతికి వరుస కూడా వచ్చింది. ఈ విద్యలో అసలు సొగసు ఇక్కడే ఉంది. ఇబ్బందులన్నీ కూడా ఇక్కడి నుంచే మొదలవుతాయి.

పలకల వంపుకు నిలకడైన గణితం గుస్టావ్ కిర్కాఫ్ 1850లో ఇచ్చాడు. పలక మధ్యతలానికి నిలువుగా ఒక సన్నని గీత ఊహించుకుంటే, పలక వంగిన తర్వాత కూడా ఆ గీత నిటారుగా, మధ్యతలానికి లంబంగానే ఉంటుందని ఆయన ఊహ. దీన్నే పొరల పలకకు పొడిగిస్తే సాంప్రదాయిక లామినేషన్ సిద్ధాంతం వచ్చింది. ఇందులో పలక గుణాలన్నీ మూడు గుంపుల అంకెల్లోకి ఒదుగుతాయి. సాగదీతను ఎదిరించేవి ఒక గుంపు, వంపును ఎదిరించేవి ఒక గుంపు. మూడో గుంపు ఉక్కులో ఎన్నడూ కనిపించని వింత: సాగదీస్తే వంగడం, వంచితే సాగడం. 1961లో ఎరిక్ రైస్నర్, యెహుదా స్టావ్‌స్కీ ఈ జంట ప్రవర్తనను సరైన సమీకరణాల్లో పెట్టారు.

మధ్యతలానికి పైనా కిందా వరుస అద్దంలో ప్రతిబింబంలా ఉంటే ఈ మూడో గుంపు మొత్తం సున్నా అవుతుంది. అందుకే వాడుకలో ఉన్న పలకల్లో చాలావరకు సౌష్ఠవంగానే పేరుస్తారు. సౌష్ఠవం తప్పితే ఏమవుతుందో చూడటానికి భారం కూడా అక్కర్లేదు. రెండే పొరలు, కింద 0, పైన 90 వేసి ఉడికించి చల్లారిస్తే చాలు. చల్లారేటప్పుడు పోగుల వెంట పొర దాదాపు కుదించుకోదు, అడ్డంగా మాత్రం బాగా కుదించుకుంటుంది. ఒక పొర కుదించుకోవాలనుకున్న దిక్కున రెండోది ఒప్పుకోదు. సమతలంగా పేర్చిన పలక అచ్చు నుంచి వంకరగా బయటికి వస్తుంది.

ఆ వంకర ఎలా ఉండాలి? సాంప్రదాయిక సిద్ధాంతం ప్రకారం గుర్రపు జీను ఆకారంలో ఉండాలి, ఒక దిక్కున పైకి, మరో దిక్కున అంతే కిందికి. పల్చని, వెడల్పైన పలకల్లో అలా జరగదు. అవి గొట్టంలో ముక్కలా ఒకే దిక్కున వంగి నిలుస్తాయి. వేలితో నొక్కితే టక్కుమని తిరగబడి, అడ్డదిక్కున వంగిన మరో గొట్టపు ముక్కగా మారతాయి. మళ్లీ నొక్కితే మొదటి ఆకారం. మైకేల్ హైయర్ 1981లో దీని కారణం తేల్చాడు. జీను ఆకారంలోకి వంగాలంటే పలక తన తలంలోనే సాగక తప్పదు, అందుకు చాలా శక్తి ఖర్చవుతుంది. గొట్టంగా వంగితే ఆ ఖర్చు ఉండదు. వంపు పెద్దదైనప్పుడు రేఖీయ సమీకరణాలు దీన్ని పట్టుకోలేవు, అరేఖీయ పదాలు చేర్చాల్సిందే. లోపంగా కనిపించిన ఈ రెండు స్థిర రూపాలను ఇప్పుడు ఆకారం మార్చుకునే నిర్మాణాల కోసం కావాలని వాడే ప్రయత్నాలు నడుస్తున్నాయి.

వంచితే మెలి తిరగడం అనే మరో రకం జంట ప్రవర్తనను కావాలని తెచ్చుకున్న ఉదాహరణల్లో ప్రసిద్ధమైనది అమెరికాలో గ్రమ్మన్ సంస్థ కట్టిన ఎక్స్-29 విమానం. దాని రెక్కలు వెనక్కి కాక ముందుకు వాలి ఉంటాయి. అలాంటి రెక్క గాలి ఒత్తిడికి పైకి వంగితే దాని కొన ముందు అంచు పైకి తిరుగుతుంది. దాంతో గాలి ఎత్తే బలం పెరిగి, వంపు ఇంకా పెరుగుతుంది. వేగం ఒక హద్దు దాటితే రెక్క విరిగిపోతుంది. లోహంతో దీన్ని ఆపాలంటే రెక్కను అతి బరువుగా చేయాలి. ఎక్స్-29 రెక్కల తొడుగుల్లో కార్బన్ పోగులను రెక్క అక్షానికి కాస్త ముందుకు తిప్పి వేశారు. రెక్క పైకి వంగినప్పుడు ఆ వంకర పోగుల వల్ల ముందు అంచు కిందికి మెలి తిరగాలని చూస్తుంది, పెరగబోయిన బలాన్ని అక్కడికక్కడే తగ్గిస్తుంది. ఆ విమానం 1984 డిసెంబరు 14న మొదటిసారి ఎగిరింది. ఇదే సూత్రంతో గాలిమర రెక్కలు ఈదురుగాలికి తమంతట తామే కొంచెం మెలి తిరిగి భారాన్ని వదిలించుకునేలా చేయవచ్చు.

కిర్కాఫ్ ఊహ దగ్గరికి మళ్లీ రావాలి. వంగిన పలకలో నిలువు గీత లంబంగానే ఉంటుందంటే, పొరలు ఒకదాని మీద ఒకటి జారాలని చూసే షియర్ వికృతి అసలు లేదని అర్థం. పుస్తకాన్ని వంచితే కాగితాలు జారి అంచు ఏటవాలవుతుంది. పలకలో ఆ జారుడును ఆపేది పొరల మధ్య రెజినే. ఉక్కు షియర్ గట్టిదనం దాని సాగదీత గట్టిదనంలో సుమారు రెండున్నరో వంతు, కాబట్టి కిర్కాఫ్ ఊహ అక్కడ పెద్దగా దెబ్బతినదు. మన కార్బన్ పొరలో ఆ రెండు అంకెలూ 7.17, 181. ఇరవై అయిదో వంతు. సాగదీతకు లొంగని పదార్థం షియర్‌కు సులువుగా లొంగుతుంది, ఆ సంగతి కిర్కాఫ్ సమీకరణాలకు తెలియదు.

ఎంత తప్పు వస్తుందో తేల్చింది అమెరికా వైమానిక దళ పదార్థాల ప్రయోగశాలకు చెందిన నికొలస్ పగానో. 1969, 1970 సంవత్సరాల్లో ఆయన ఏ ఊహా లేకుండా, త్రిపరిమాణ స్థితిస్థాపకత సమీకరణాలనే నేరుగా సాధించి కొన్ని పలకలకు ఖచ్చితమైన జవాబులు ఇచ్చాడు. అప్పటి నుంచి కొత్త సిద్ధాంతం ఏది వచ్చినా మొదట ఆ అంకెల ముందు నిలబడి పరీక్షకు ఒప్పుకోవాలి. ఆ పద్ధతితో తేల్చిన ఒక ఉదాహరణ: నాలుగు అంచులా ఆనించిన చదరపు పలక, వరుస 0, 90, 90, 0, పోగుల వెంట గట్టిదనం అడ్డంకన్నా 25 రెట్లు, పైన సైన్ తరంగంలా పంచిన భారం. మధ్యలో ఎంత కిందికి దిగిందో మందంతో, భారంతో పనిలేని అంకెగా రాస్తే, పలక వెడల్పు మందానికి 100 రెట్లున్నప్పుడు ఖచ్చితమైన జవాబు 0.4385, సాంప్రదాయిక సిద్ధాంతం ఇచ్చేది 0.431. తేడా రెండు శాతం లోపే. వెడల్పు 10 రెట్లకు తగ్గితే ఖచ్చితమైన జవాబు 0.743 అవుతుంది, సాంప్రదాయిక సిద్ధాంతం మాత్రం 0.431 దగ్గరే కూర్చుంటుంది. 4 రెట్లకు తగ్గితే 1.954. అంటే పలక నిజంగా దిగేదానిలో నాలుగో వంతు కూడా ఆ సిద్ధాంతం చెప్పలేకపోతోంది.

రైస్నర్ 1945లో, రేమండ్ మిండ్లిన్ 1951లో సజాతీయ పలకలకు ఒక సవరణ చేశారు. నిలువు గీత నిటారుగానే ఉంటుంది కానీ లంబంగా ఉండనక్కర్లేదు, వాలవచ్చు. 1970కల్లా ఇది పొరల పలకలకూ అమరింది. దీనితో పైఅంకెలు 0.663కూ, 1.710కూ వచ్చాయి. పెద్ద మెరుగుదలే. అయితే గీత నిటారుగా వాలితే షియర్ వికృతి మందమంతటా ఒకే విలువతో ఉండాలి. నిజానికి పలక పైముఖం మీద, కింది ముఖం మీద జారేందుకు ఏమీ లేదు, అక్కడ షియర్ సున్నా కావాలి. ఈ వైరుధ్యాన్ని కప్పిపుచ్చడానికి 5/6 లాంటి ఒక దిద్దుబాటు గుణకాన్ని లెక్కలో దూర్చేవారు. ఆ విలువ ఉక్కు పలకకు సరే, పొరల పలకకు ఎంత ఉండాలన్నది వరుసను బట్టి మారుతుంది. అంటే జవాబు ముందే తెలిస్తే తప్ప గుణకం తెలియదు.

ఈ చిక్కును తేలిగ్గా విప్పింది జె.ఎన్. రెడ్డి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1968లో ఇంజినీరింగ్ పట్టా పొంది అమెరికా వెళ్లిన ఆయన 1984లో మూడో ఘాత సిద్ధాంతాన్ని ప్రచురించాడు. నిలువు గీత నిటారుగా ఉండాలన్న పట్టును కూడా ఆయన వదిలేశాడు. గీత ఘనపు వక్రరేఖలా వంగవచ్చు, కానీ పైముఖం మీద, కింది ముఖం మీద షియర్ సున్నా కావాలన్న షరతును గీత ఆకారంలోనే ఇమిడ్చాడు. షరతులు అదనపు తెలియని రాశులను మింగేశాయి, కాబట్టి మిండ్లిన్ సిద్ధాంతంలో ఎన్ని రాశులో ఇక్కడా అవే ఐదు. దిద్దుబాటు గుణకంతో పని లేదు. అదే పలకకు ఈ లెక్క ఇచ్చే అంకెలు 0.715, 1.894. ఖచ్చితమైన 0.743, 1.954లకు ఇవి దగ్గరివే. తర్వాత ఒక్కో పొరకూ విడివిడిగా స్థానభ్రంశాలు రాసే పొరవారీ సిద్ధాంతాన్ని కూడా ఆయన రూపొందించాడు. అది మరింత నిజానికి దగ్గర, కానీ పొరల సంఖ్యతో పాటు తెలియని రాశులూ పెరుగుతూ పోతాయి. మందమైన పలకల్లో, పొరల మధ్య ప్రతిబలాలే ముఖ్యమైన చోట్ల ఆ ఖర్చు పెట్టక తప్పదు. యాంత్రికశాస్త్రంలో పెద్ద గౌరవంగా భావించే టిమోషెంకో పతకం ఆయనకు 2019లో దక్కింది.

పలక నడిమి భాగం గురించి ఈ సిద్ధాంతాలు ఎంత బాగా చెప్పినా అంచు దగ్గర తడబడతాయి. పక్కపక్క పొరలు సాగదీతకు పక్కల కుదించుకునే తీరు వేరువేరు. నడిమిలో అతుకు వాటిని కట్టడి చేస్తుంది. కోసిన అంచు దగ్గర పట్టుకునే పదార్థం లేదు, కట్టడి బలమంతా పొరల మధ్య రెజిన్ మీద పడుతుంది. పైప్స్ అనే పరిశోధకుడు, పగానో కలిసి 1970లో దీన్ని సంఖ్యాత్మకంగా చూపించారు. పలక మందమంత వెడల్పు గల అంచుపట్టీలో పొరల మధ్య ప్రతిబలాలు ఒక్కసారిగా ఎగబాకుతాయి. ఇక్కడా వరుస మాట నెగ్గుతుంది. పొరల క్రమం మారిస్తే పొరలను విడదీసే లాగుడు, వాటిని నొక్కి ఉంచే ఒత్తిడిగా మారిపోవచ్చు.

విరగడం విషయానికి వస్తే లెక్కల ధైర్యం కొంత సన్నగిల్లుతుంది. అడ్డపొర 40 మెగాపాస్కల్‌లకు చీలుతుందన్నాం. గుణకంతో భాగిస్తే అది 0.39 శాతం వికృతి. నిలువు పొర 1500 మెగాపాస్కల్‌లకు తెగేది 0.83 శాతం దగ్గర. అంటే పలక తెగడానికి సగం దారిలోనే అడ్డపొరల్లో సన్నని పగుళ్లు మొదలవుతాయి. ఉడికించి చల్లార్చినప్పుడే లోపల మిగిలిపోయిన ప్రతిబలాలు ఆ గడియను మరింత ముందుకు తెస్తాయి. పగుళ్లు వచ్చినంతలో పలక కూలిపోదు, నిలువు పొరలు భారాన్ని అందుకుంటాయి. మొదటి పొర చీలడాన్నే వైఫల్యమనాలా, చివరి పొర తెగేదాకా ఆగాలా అన్నది రూపకర్త తీర్పు.

లాగుడు, నొక్కుడు, షియర్ కలగలిసి వచ్చినప్పుడు పొర ఎప్పుడు పోతుందో చెప్పే సూత్రాలు ఎన్నో ఉన్నాయి. స్టీఫెన్ త్సాయ్, ఎడ్వర్డ్ వూ 1971లో ఇచ్చిన వర్గ సమీకరణం వాటిలో ఎక్కువ వాడుకలో ఉన్నది. లెక్కకు సులువు, కానీ పోగు తెగిందా రెజిన్ చీలిందా అన్నది చెప్పదు. ఈ సూత్రాల్లో ఏది నమ్మదగినదో తేల్చుకోవడానికి బ్రిటన్‌లో ఒక అంతర్జాతీయ పోటీ లాంటిది నడిపారు. సిద్ధాంతాల రూపకర్తలకే 14 పరీక్షల వివరాలు ఇచ్చి, ఫలితాలు చూపకుండా ముందుగా అంచనాలు రాయమన్నారు. 1998 నుంచి 2004 దాకా అచ్చయిన ఆ ఫలితాల్లో ఒకే పలకకు సిద్ధాంతాలు చెప్పిన బలాలు ఒకదానికొకటి చాలా దూరంగా పడ్డాయి. అన్నిటా నెగ్గిన సిద్ధాంతం ఒక్కటీ లేదు.

నొక్కుడు భారం కింద పల్చని పలక చాలాసార్లు విరగడానికి ముందే ఉబ్బి వంగిపోతుంది. దీన్ని ఎదిరించేది వంపు గట్టిదనం, ముఖ్యంగా మెలిని ఎదిరించే భాగం. పొడవాటి పలకల్లో ప్లస్, మైనస్ 45 పొరలను బయటివైపు ఉంచడం అందుకే. దెబ్బ తగిలినా మొదట తినేది అవే పొరలు, 0 డిగ్రీల పొరలు లోపల భద్రంగా ఉంటాయి.

దెబ్బల భయం చిన్నది కాదు. మరమ్మతు చేసేవారి చేతిలోంచి పానా జారి రెక్క మీద పడితే లోహపు తొడుగు సొట్ట పోయి, తనకు దెబ్బ తగిలిందని కంటికి చూపిస్తుంది. కాంపోజిట్ తొడుగు మీద గుర్తు కూడా మిగలకపోవచ్చు. లోపల మాత్రం కోణాలు మారే ప్రతి అతుకు దగ్గరా పొరలు విడిపోయి ఉంటాయి, కిందికి పోయిన కొద్దీ వెడల్పుగా. లాగుడులో ఈ విడిపోవడం పెద్దగా బాధించదు. నొక్కుడులో ప్రమాదం. పలక మందం నాలుగు సమాన ముక్కలుగా విడిపోయిందనుకుంటే, ఒక్కో ముక్క వంపు గట్టిదనం మొత్తంలో అరవై నాలుగో వంతు, నాలుగూ కలిపితే పదహారో వంతు. ఆ ముక్కలు ఒక్కొక్కటిగా ఉబ్బి, విడిపోయిన మేరను పక్కలకు పెంచుకుంటూ పోతాయి.

కనిపించని దెబ్బ ప్రతి పలకలోనూ ఉండవచ్చని అనుకుని విమాన నిర్మాతలు లెక్కలు వేస్తారు. దెబ్బ తిన్న ముక్కలను నొక్కి పరీక్షించి, ఆ స్థితిలో మోయగలిగిన వికృతినే హద్దుగా తీసుకుంటారు. చాలాకాలం ఆ హద్దు 0.4 శాతం దగ్గరే ఉండిపోయింది. పోగుల వెంట పొర 0.83 శాతం దాకా ఓర్చుకోగలదు, కానీ అందులో సగానికి పైగా వాడుకోకుండా వదిలేయాల్సి వచ్చింది. గట్టి ఎపాక్సీలో థర్మోప్లాస్టిక్ రేణువులు కలపడం, పొరలను మందం మీదుగా దారంతో కుట్టడం లాంటి పద్ధతులు వచ్చింది ఆ మిగులును రాబట్టుకోవడానికే. వాటితో పోగుల బలం పెరగదు, పొరలు విడిపోకుండా పట్టుకునే శక్తి పెరుగుతుంది. కుట్టిన చోట సూది పోగులను కాస్త వంకర తిప్పుతుంది కనుక తలంలోని బలం కొంత తగ్గుతుంది. ఎంత తగ్గనివ్వాలన్నది మళ్లీ ఒక్కో పలకకూ విడిగా వేసుకోవాల్సిన లెక్క.